ప్యాడ్ కొట్టాక శబ్దం వెనకాల వస్తోంది, నా టైమింగ్ పోయిందా?

గుంటూరు జిల్లాలోని ఒక ఊరి నుంచి 27 ఏళ్ల తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తున్నాడు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిళ్లు ప్రోగ్రాములు, ఆదివారం పొద్దున చర్చిలో పాటలు. వాళ్ల పెద్దమ్మ కొడుకు కీబోర్డ్ వాయిస్తాడు, ఇంట్లోనే ట్రాకులు చేస్తాడు. ఈసారి క్రిస్మస్ పాటలకు లూపులు (ముందే రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిరిగే తాళం ముక్కలు) వద్దు, చేత్తో వాయించిన డ్రమ్స్ ఎక్కిద్దామని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు.

దానికోసం ఇతని గదిలో ఉన్నవి: పాత రోలాండ్ ఎస్‌పీడీ-20 ప్యాడ్, మిడిని (ఏ దెబ్బ ఎంత గట్టిగా పడిందో చెప్పే సంకేతాన్ని) యూఎస్‌బీకి మార్చే చవక కేబుల్, ఐదేళ్ల నాటి లాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే బయటి శబ్దాన్ని కంప్యూటర్‌లోకి, కంప్యూటర్ శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌కు చేర్చే పెట్టె. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్ డిస్క్. రికార్డింగ్ రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అందులో ఒక ఉచిత వర్చువల్ డ్రమ్ కిట్, అంటే ప్యాడ్ కొడితే డ్రమ్స్ రికార్డింగులు వినిపించే ప్రోగ్రామ్. సెట్టింగులన్నీ ఒక స్నేహితుడు వచ్చి చేసి వెళ్లాడు. శబ్దాన్ని నడిపే డ్రైవర్‌గా ఏసియో4ఆల్ పెట్టాడు, బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి మోసే శబ్దం ముక్క సైజు) 1024లో ఉంచాడు. అంతకన్నా తగ్గిస్తే చిటపట శబ్దం వస్తోందట.

"అన్నా, ప్యాడ్ మీద కొట్టాక శబ్దం వెనకాల వస్తోంది. ఖాళీ ప్రాజెక్టులో అయితే కొంచెం తేడా, సర్దుకోవచ్చు. అన్నయ్య పంపిన ప్రాజెక్టు తెరిస్తే మాత్రం కొట్టేది నేను కాదు, ఇంకెవరో అన్నట్టుంటుంది. ఎలాగో వాయించి రికార్డు చేశాను. తిరిగి వింటే నా దెబ్బలు తాళం కోసం పెట్టిన క్లిక్ కంటే ముందు పడుతున్నాయి. రోల్స్ దగ్గర మరీ గందరగోళం. అన్నయ్య విని, 'నీకు టైమింగ్ పోయిందిరా, దీనికి లూపే పెట్టేస్తాను' అన్నాడు. రెండు నెలలుగా రోజూ రెండు గంటలు ఇదే ప్రాక్టీస్ చేస్తున్నాను. మొన్న ఆదివారం పాట మధ్యలో పాస్టర్ గారు వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడు స్టేజి ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది. చీటీ పాడి 80 వేలతో కొత్త లాప్‌టాప్ కొందామనుకుంటున్నాను. నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ,

నీ ఉత్తరంలో రెండు సంగతులు నువ్వు మామూలుగా రాసేశావు కానీ, అసలు విషయమంతా వాటిలోనే ఉంది. ఖాళీ ప్రాజెక్టులో తేడా కొంచెమే, అన్నయ్య ప్రాజెక్టులో చాలా ఎక్కువ అన్నావు. రికార్డు చేసింది వింటే దెబ్బలు క్లిక్ కంటే ముందు పడుతున్నాయి అన్నావు. టైమింగ్ పోయినవాడి దెబ్బలు ఒక చోట ముందు, ఒక చోట వెనక, చెల్లాచెదురుగా పడతాయి. నీవి ఒకే వైపుకు జరిగాయి. శబ్దం ఆలస్యంగా వస్తోందని నీ చెవి పట్టేసింది, ఆ శబ్దం క్లిక్ మీద పడాలని నీ చెయ్యి ముందే లేస్తోంది. ఇదంతా నీకు తెలియకుండానే జరుగుతోంది. లయ లేనివాడికి ఈ సర్దుబాటు చేతకాదు. రోల్స్ దగ్గర గందరగోళం ఎందుకంటే, నడక ఒకే తీరుగా సాగుతున్నప్పుడు చెయ్యి ముందుకు జరగగలదు కానీ, దెబ్బలు ఒకదాని మీద ఒకటి వచ్చేటప్పుడు ఏ శబ్దం ఏ దెబ్బదో మనసుకు తెలియదు.

కాబట్టి చీటీ సంగతి, అన్నయ్య సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలి.

ప్యాడ్ మీద కర్ర పడ్డాక లోపలి సెన్సర్ ఆ దెబ్బను పట్టుకుని, ఎంత గట్టిగా తగిలిందో కొలిచి మిడి సందేశంగా మారుస్తుంది. ఐదు పిన్నుల గుండ్రటి మిడి కేబుల్‌లో సెకనుకు 31,250 బిట్లు వెళ్తాయి. ఆ వేగంతో ఒక దెబ్బ సమాచారం దాటడానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. అది అందగానే డ్రమ్ సాఫ్ట్‌వేర్ సరైన డ్రమ్ రికార్డింగును తీస్తుంది. అయితే కంప్యూటర్ ఆ శబ్దాన్ని ధారగా పంపదు, బిందెలతో మోసినట్టు మోస్తుంది. ఆ బిందె ఎంతదో చెప్పేదే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన అంకెల) రేటులో 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు. 512 పెడితే 11.6, 256 పెడితే 5.8, 128 పెడితే 2.9.

ఈ అంకెలు నీ అనుభవంలోకి తెచ్చుకోవాలంటే ఇలా చూడు. గాలిలో శబ్దం 1 మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. నిజమైన డ్రమ్ కిట్ ముందు కూర్చున్నవాడికి స్నేర్ డ్రమ్ శబ్దం చెవికి చేరడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. పెళ్లి స్టేజి మీద నీ సైడ్ బాక్స్ 3 మీటర్ల దూరంలో ఉంటే నీ దెబ్బ నీకు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వినిపిస్తుంది. తొమ్మిదేళ్లుగా నువ్వు అలాగే వాయిస్తున్నావు, ఎవరూ ఒక్క మాట అనలేదు. నా అనుభవంలో 10 లోపు ఉంటే చాలామంది వాయిద్యకారులు పట్టించుకోరు. 6, 7 దగ్గరికి వస్తే డ్రమ్స్ వాయించేవాళ్లు కూడా ఆలస్యాన్ని మర్చిపోతారు. 20 దాటితే చేతికీ చెవికీ మధ్య ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది. నీ ఖాళీ ప్రాజెక్టులో జరుగుతున్నది ఇదే. 23 మిల్లీసెకన్లు, పైన ఇంకొంచెం. నువ్వు రాసిన "సర్దుకోవచ్చు" అనే మాట సరిగ్గా సరిపోతుంది.

మరి అన్నయ్య ప్రాజెక్టు తెరవగానే అంత తేడా ఎందుకు వస్తోంది? కారణం మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసి బయటికి వెళ్లే దారి) మీద ఉందని నా గట్టి అనుమానం.

ట్రాకులు చేసేవాళ్లు చాలామంది మాస్టర్ మీద ఎప్పుడూ ఒక వరస పెట్టుకుని ఉంచుతారు. ఈక్వలైజర్, కంప్రెసర్, చివర్లో లిమిటర్. పాట మొదటి నుంచే నిండుగా వినిపిస్తుందని అలా చేస్తారు. ఇలా శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. వీటిలో కొన్ని పని చేయాలంటే శబ్దాన్ని ముందుగా చూడాలి. శబ్దం మరీ పెరగకుండా ఆపే లిమిటర్ రాబోయే ఎత్తును పసిగట్టాలి. లీనియర్ ఫేజ్ అనే రకం ఈక్వలైజర్‌కు శబ్దంలో పెద్ద ముక్క కావాలి. ముందుగా చూడటం అంటే శబ్దాన్ని ఆపి ఉంచడమే. పాట ప్లే అవుతున్నప్పుడు సాఫ్ట్‌వేర్ అన్ని ట్రాకులనూ ఒకే వరసలోకి సర్దేస్తుంది కాబట్టి నీకు ఏ తేడా తెలియదు. నువ్వు అప్పటికప్పుడు కొట్టే దెబ్బను మాత్రం ముందుకు సర్దలేదు, అది ఆగి రావాల్సిందే. కొన్ని లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు ఒక్కొక్కటే 4096 శాంపిళ్లు, అంతకు పైన కూడా ఆపుతాయి. 44,100 రేటులో 4096 అంటే 93 మిల్లీసెకన్లు. దానికి నీ బఫర్ 23 కలుపు, 116. టెంపో 120లో (నిమిషానికి 120 బీట్లు) ఒక సిక్స్‌టీన్త్ నోట్ (బీటులో నాలుగో వంతు) నిడివి 125 మిల్లీసెకన్లు. అంటే నువ్వు కొట్టిన దెబ్బ దాదాపు పక్క సిక్స్‌టీన్త్ మీదికి పోయి వినిపిస్తుంది. "కొట్టేది ఇంకెవరో అన్నట్టుంది" అని నువ్వు రాసింది అందుకే.

ఇది నాకూ జరిగింది. మూడు వారాలు రాత్రిళ్లు మెట్రోనోమ్ పెట్టుకుని కూర్చున్నాను, చెయ్యి మొద్దుబారిందేమోనని భయపడ్డాను. చివరికి మాస్టర్ మీద ఒక ఈక్వలైజర్ తీసేయగానే మొత్తం సరైపోయింది. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే మనసు కష్టపడింది.

నీ రీపర్‌లో ఇది చూడటం తేలిక. మాస్టర్ ట్రాక్ ఎఫ్‌ఎక్స్ బటన్ నొక్కితే ప్లగిన్ల వరస తెరుచుకుంటుంది. ఆ కిటికీ అడుగున ప్రాసెసర్ శాతం పక్కన శాంపిళ్ల అంకె ఉంటుంది. అది సున్నా అయితే నా అనుమానం తప్పు. వేలల్లో ఉంటే దొంగ దొరికినట్టే. ప్లగిన్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి ప్యాడ్ కొట్టి చూడు. మాస్టర్‌తో ఆగకు, మిగతా ట్రాకుల మీద కూడా ఇలాంటివి ఉండొచ్చు. పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిస్తే ఏ ట్రాక్ ఎంత ఆపుతోందో వరసగా కనిపిస్తుంది.

ఇక్కడే లాప్‌టాప్ సంగతి చెప్పాలి. ప్లగిన్ ఆపి ఉంచే ఆ 4096 శాంపిళ్లకు ప్రాసెసర్ వేగంతో సంబంధం లేదు. లక్ష రూపాయల లాప్‌టాప్ తెచ్చి అదే ప్రాజెక్టు తెరిచినా ఆ 93 మిల్లీసెకన్లు అలాగే ఉంటాయి. చీటీ ముందుగా పాడుకుంటే చేతికి వచ్చేది తగ్గుతుంది, కట్టాల్సిన నెలలు మాత్రం తగ్గవు. అంత పెట్టి కొన్నాక కూడా శబ్దం వెనకాలే వస్తే, ఇక తప్పు నీ చేతిదేనని నువ్వు నిజంగా నమ్మేస్తావు. నాకు డబ్బు కంటే ఆ భయం ఎక్కువ. మీ నాన్నగారు వేరే లెక్కతో వద్దన్నా, ఈ ఒక్క విషయంలో ఆయన మాట ఇప్పటికి వినడమే మంచిది.

ఇప్పుడు నీ ఆలస్యం ఎంతో కొలువు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ప్యాడ్ పక్కన పెట్టు. హెడ్‌ఫోన్స్ ఒక వైపు ఫోన్ మైక్‌కు ఆనించి, సౌండ్ బాగా పెంచు. స్నేర్ మీద పది దెబ్బలు కొట్టు, ఒక్కోదానికి మధ్య రెండు సెకన్లు వదులు. ఆ ఫైలును రీపర్‌లోకి లాగి పెద్దది చేసి చూస్తే ప్రతి దెబ్బకూ రెండు ముళ్లు కనిపిస్తాయి. మొదటిది కర్ర రబ్బరుకు తగిలిన 'టక్', రెండోది హెడ్‌ఫోన్‌లోంచి వచ్చిన స్నేర్. ఆ రెండింటి మధ్య దూరమే నీ ఆలస్యం. పదికి పది అంకెలు కాగితం మీద రాసుకో. ఖాళీ ప్రాజెక్టులో ఒకసారి, అన్నయ్య ప్రాజెక్టులో ఒకసారి చెయ్యి.

అంకెల పరిమాణం ఎంత ముఖ్యమో, అవి నిలకడగా ఉన్నాయా లేదా అన్నది అంతకంటే ముఖ్యం. పదీ దగ్గర దగ్గరగా ఉంటే అది స్థిరమైన ఆలస్యం, తగ్గించొచ్చు, తర్వాత జరపనూ వచ్చు. ఒక దెబ్బకు 20, ఇంకో దెబ్బకు 45 అని ఊగుతుంటే ఆ ఊపును ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత సరిచేయలేదు. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఆ చవక మిడి కేబుల్‌ను. కొన్నింటిలో సందేశాలు ఆగి ఆగి వస్తాయి, ఒకేసారి ఎక్కువ దెబ్బలు పడితే కొన్ని జారిపోతాయి. నీ ఇంటర్‌ఫేస్ వెనక గుండ్రటి మిడి సాకెట్ ఉందేమో చూడు. ఉంటే మామూలు మిడి కేబుల్ కొని ప్యాడ్‌ను నేరుగా దానికే కలిపేయి.

ఇక డ్రైవర్. ఏసియో4ఆల్ చెడ్డది కాదు, సొంత ఏసియో డ్రైవర్ లేని పరికరాలకు అది ఒక ఆసరా. కానీ నీ దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది. దాన్ని తయారు చేసినవాళ్ల సైట్‌లో ఆ మోడల్‌కు సొంత డ్రైవర్ ఉంటే అది దించుకుని వేయి. రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్ దగ్గరికి వెళ్లి దాన్ని ఎంచుకో. నీ హెడ్‌ఫోన్స్ ఎక్కడ గుచ్చావో నువ్వు రాయలేదు. లాప్‌టాప్‌కు గుచ్చి ఉంటే నీ ఇంటర్‌ఫేస్ ఇన్నాళ్లూ ఊరికే కూర్చుందన్నమాట. ఇంటర్‌ఫేస్‌కే గుచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అయితే ఈ పనికి అస్సలు వద్దు, మామూలుగా అవొక్కటే 100 మిల్లీసెకన్లు దాటిస్తాయి.

ఇవన్నీ అయ్యాక నీ ముందు మూడు దారులు ఉంటాయి.

ఒకటి, అన్నయ్య ప్రాజెక్టులోనే మాస్టర్ ప్లగిన్లు ఆఫ్‌లైన్ చేసి వాయించడం. అన్నీ ఒకే చోట ఉంటాయి, పాట ఎలా మారినా నువ్వు వెంటనే వినొచ్చు. కానీ ఆయన సింథులు, స్ట్రింగ్సు, రివర్బులు అన్నీ నీ పాత లాప్‌టాప్ మీదే నడవాలి. బఫర్ తగ్గించగానే మళ్లీ చిటపట మొదలవుతుంది. పైగా ఆయన సెట్ చేసుకున్న వరసలో నువ్వు చెయ్యి పెట్టినట్టవుతుంది, తిరిగి ఆన్ చేయడం ఒక్కటి మర్చిపోయినా మాట పడాలి.

రెండోది నాకు ఎక్కువ నచ్చినది. ప్రాజెక్టు మొత్తం పంపొద్దని చెప్పు. డ్రమ్స్ లేకుండా పాటను ఒకే స్టీరియో వేవ్ ఫైలుగా, మొదటి ఖాళీ బార్లతో సహా, టెంపో ఎంతో రాసి పంపమను. నువ్వు కొత్త ప్రాజెక్టు తెరిచి అదే టెంపో పెట్టి, ఒక ట్రాక్‌లో ఆ వేవ్, ఇంకో ట్రాక్‌లో డ్రమ్ కిట్, అంతే. ఆయన ప్లగిన్ల ఆలస్యం ఆ ఫైలు తయారైనప్పుడే సర్దుకుపోయి ఉంటుంది, నీదాకా రాదు. లాప్‌టాప్ మీద భారం ఎంత తగ్గుతుందంటే, ఇప్పుడు 1024లో మూలుగుతున్నదే 256లో, బహుశా 128లో కూడా నడవొచ్చు. అయిపోయాక నీ డ్రమ్స్ మిడి ఫైలు మొదటి బార్ నుంచి ఎగుమతి చేసి పంపితే, ఆయన తన కిట్ మీద పెట్టుకోవచ్చు. ఇందులో ఇబ్బంది ఒకటే. ఆయన మధ్యలో పాట నిడివి మార్చినా, చరణం జరిపినా కొత్త వేవ్ కోసం మళ్లీ ఎదురుచూడాలి.

మూడోది, బఫర్ ఎంత తగ్గించినా కుదరకపోతే పనికొచ్చేది. వర్చువల్ డ్రమ్స్ వినకుండా నీ ప్యాడ్ సొంత శబ్దం వింటూ వాయించడం. ఎస్‌పీడీ-20 అవుట్‌పుట్లు రెండూ ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్లకు కలిపి, డైరెక్ట్ మానిటర్ ఆన్ చెయ్యి. అప్పుడు ప్యాడ్ శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా నీ హెడ్‌ఫోన్స్‌కు వస్తుంది, పాట కూడా అందులోనే వినిపిస్తుంది. డ్రమ్ కిట్ ట్రాక్‌లో మిడి రికార్డు అవుతుంది కానీ మానిటర్ బటన్ ఆఫ్‌లో ఉంచు, లేకపోతే ఒక దెబ్బకు రెండు శబ్దాలు వినిపిస్తాయి. స్టేజి మీద ఎలా వాయిస్తావో అచ్చం అలాగే ఉంటుంది. నష్టం ఏమిటంటే, నువ్వు వినేది ఒక స్నేర్, పాటలో పడేది వేరే స్నేర్. ప్యాడ్ స్నేర్‌కు తగ్గట్టు మెత్తగా కొట్టింది అసలు కిట్‌లో పలచగా పడొచ్చు. అందుకని ముందు రెండు బార్లు వాయించి, విని, ప్యాడ్ సెన్సిటివిటీ సరిచేసుకుని అప్పుడు అసలు టేక్ తీసుకో. ఇంకో మాట, ప్యాడ్ ఆడియోను కూడా పక్క ట్రాక్‌లో రికార్డు చెయ్యి. మిడి నోట్లు ఆ ఆడియో కంటే ఒకే కొలతలో ఇటో అటో జరిగి కనిపిస్తే, మిడి మొత్తాన్ని అంత జరిపితే చాలు. ఎప్పుడైనా మిడి పాడైపోయినా ఆ ఆడియో నీ చేతిలో ఉంటుంది.

చిటపట శబ్దం గురించి కొంచెం. ఇది ఎప్పుడూ ప్రాసెసర్ చాలకే రాదు. వర్చువల్ డ్రమ్స్‌లో ఒక్కో దెబ్బకు ఎన్నో రికార్డింగులు ఉంటాయి, మెత్తటి దెబ్బ, గట్టి దెబ్బ, ఒక్కోదానికి నాలుగైదు మైకులు. అవి డిస్క్ మీద నుంచి వాయిస్తుండగానే వస్తుంటాయి, నీ పాత హార్డ్ డిస్క్ ఆ పరుగు అందుకోలేకపోవచ్చు. ఏదైనా కొనక తప్పకపోతే కొత్త లాప్‌టాప్ ఖర్చులో చిన్న భాగంతో ఒక ఎస్‌ఎస్‌డీ వేయించు, వీలైతే ర్యామ్ పెంచు. అంతకంటే ముందు ఊరికే చేయగలిగేవి ఉన్నాయి. వాయించేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉంచు, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కు మార్చు, వైఫై ఆఫ్ చెయ్యి. వాడని టామ్‌లు, సింబల్స్ కిట్‌లోంచి తీసేయి. రూమ్ మైకులు తగ్గించేయి. రూమ్ మైకులు తగ్గిస్తే ఇంకో లాభం కూడా ఉంది. స్టూడియోలో ఆ మైకులు డ్రమ్స్‌కు కొన్ని మీటర్ల దూరంలో పెడతారు కాబట్టి ఆ శబ్దం సహజంగానే వెనక వస్తుంది. వాయించేటప్పుడు దగ్గరి మైకులు మాత్రమే వింటే దెబ్బ చేతికి అంటుకున్నట్టు ఉంటుంది, మిక్సింగ్‌లో రూమ్ మళ్లీ పెంచుకోవచ్చు. ఇవన్నీ చేసినా చిటపట పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపి చూడు, విండోస్‌లో ఏ డ్రైవర్ అడ్డం పడుతోందో అది పేరుతో సహా చూపిస్తుంది. ఎవరైనా శాంపిల్ రేటు 96,000కు పెంచమని సలహా ఇస్తారు. అదే బఫర్‌కు ఆలస్యం సగానికి తగ్గే మాట నిజమే, కానీ పని రెట్టింపవుతుంది. నీ లాప్‌టాప్‌కు ఆ దారి వద్దు.

రెండు నెలలు కష్టపడి వాయించిన టేకులు పారేయకు. క్వాంటైజ్ చేసేస్తే (ప్రతి నోటునూ దగ్గరి తాళం గీత మీదికి లాగేస్తే) సరిపోతుందని ఎవరైనా అంటే తొందరపడకు. చాలా ముందుకు జరిగిన దెబ్బను క్వాంటైజ్ తప్పు సిక్స్‌టీన్త్ మీద కూర్చోబెడుతుంది, నీ చేతి నడకలో ఉన్న సహజమైన ఊపును కూడా తుడిచేస్తుంది. దానికి బదులు పల్లవి నడక ఉన్న నాలుగు బార్లు తీసుకుని, కిక్ నోట్లు క్లిక్ కంటే ఎంత ముందున్నాయో చూడు. 30 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా అన్నీ ఒకే తీరున ఉంటే మొత్తం మిడిని ఆ మేరకు వెనక్కి జరుపు. కళ్లు మూసుకుని విను. చాలా వరకు నీ చెయ్యి నీకు తిరిగి వినిపిస్తుందని నా నమ్మకం. రోల్స్ మాత్రం జరిపినా అతకవు, అవి కొత్తగా వాయించుకో.

ఇప్పుడు అన్నయ్య. ఆయన నిన్ను చిన్నబుచ్చాలని ఆ మాట అన్నాడని నాకు అనిపించలేదు. ఆయన విన్నది ముందుకు జరిగిన డ్రమ్స్, ఆయన చెవికి తోచింది చెప్పాడు. లూపులతో, మౌస్‌తో నోట్లు పెట్టి ట్రాకులు చేసేవాళ్లకు ఈ ఆలస్యం ఎప్పుడూ ఎదురుపడదు. ముందు మాట్లాడి తర్వాత వాయించొచ్చు, ముందు వాయించి పంపి తర్వాత మాట్లాడొచ్చు. మొదటిదానిలో, మాస్టర్ మీద ప్లగిన్లతోనే ఒక పియానో ముక్క లైవ్‌గా వాయించి చూడమని ఆయన్ను అడుగు. రెండు నిమిషాల్లో ఆయనకే తెలిసిపోతుంది. కాకపోతే "నీ ప్రాజెక్టులోనే తప్పుంది" అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది, నలుగురిలో అనకు, ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని అను. రెండోదానిలో గొడవ ఉండదు, కొత్త టేక్ విని ఆయనే అడుగుతాడు. అయితే ఈలోపు ఆ పాటకు లూప్ పెట్టేసి పూర్తి చేసేయొచ్చు. క్రిస్మస్ పాటలకు టైమ్ దగ్గరపడుతుంటే ఆ ఒక్క పాటను లూప్‌కు వదిలేసి, మిగతావాటికి వేవ్ ఫైళ్లు అడగడం నయం. మీ ఇద్దరిలో ఎవరికి ఎలా చెప్తే చెవికెక్కుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

స్టేజి భయం గురించి ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ఆలస్యంగా వచ్చే శబ్దంతో రోజూ రెండు గంటలు సాధన చేశావు కదా, ముందు అది ఆపెయ్. చెయ్యి ఏది రోజూ వింటే దానికి అలవాటు పడుతుంది. ముందు కొట్టడం నేర్చుకున్న చెయ్యి చర్చిలో కూడా ఆ అలవాటునే కొంచెం మోసుకెళ్లి ఉండొచ్చు. కొన్నాళ్లు లాప్‌టాప్ మూసేసి, ప్యాడ్ హెడ్‌ఫోన్ సాకెట్‌లోంచి దాని సొంత శబ్దం వింటూ, ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని వాయించు. 70 దగ్గర నెమ్మదిగా మొదలుపెట్టు, తీన్మార్ వేగానికి తొందరగా వెళ్లకు. పాస్టర్ గారు ఎందుకు తిరిగి చూశారో నువ్వే ఊహించుకుని నలిగిపోవద్దు. ఆరాధన అయ్యాక దగ్గరికి వెళ్లి "అయ్యగారూ, బీటు పరిగెత్తిందా?" అని అడుగు. అవునంటే ఏ పాటలోనో తెలుస్తుంది. కాదంటే ఆ బరువు అక్కడే దిగిపోతుంది.

ఫోన్‌తో కొలిచిన అంకెలు నాకు రాసి పంపు, రెండు ప్రాజెక్టులవీ. మాస్టర్ ఎఫ్‌ఎక్స్ అడుగున కనిపించిన శాంపిళ్ల అంకె కూడా రాయి. ఇంటర్‌ఫేస్ మోడల్ పేరు, దాని వెనక ఏ సాకెట్లు ఉన్నాయో చెప్తే మూడో దారికి వైర్లు ఎలా కలపాలో వచ్చే ఉత్తరంలో వివరంగా చెప్తాను. అప్పటిదాకా చీటీ పాటకు వెళ్లకు.